కణములోని శక్త్యాగారము – బడిపిల్లల నమూనా

(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



ప్రతి సంవత్సరము ఫిబ్రవరి 28వ తేదీన మన దేశమున జాతీయ విజ్ఞానశాస్త్ర దినోత్సవము జరుగుచున్నది. 1928లో సర్ సి. వి. రామన్ గారి పరిశోధన ఫలించిన దినమది. 1987 నుండి దానిని ఉత్సవముగా జరుపుకొనుచున్నాము. ఆనాడు మీ గ్రామపు ఉన్నత పాఠశాలలో పిల్లలు తాము చేసిన నమూనాలను బల్లలపై అమర్చుదురు. ఉపాధ్యాయులు మిమ్ములను పిలిచి, అన్నియు చూపించి, బహుమతులు మీచేత ఇప్పింతురు. ఆ బల్లలపై తరచుగా కనిపించు వస్తువొకటి కలదు. దోసకాయను నిలువున కోసినట్లుండి, లోపల వంకరటింకర మడతలు గల బొమ్మ. దాని పేరు మైటోకాండ్రియా. దానిని గురించియే నేడు మీతో ముచ్చటింపదలచితిమి.

బాటలు, మురుగుకాలువలు, మంచినీరు చూచుకొనుటకే కాలము చాలకున్నది, ఈ బొమ్మతో మాకేమి పని యని మీలో కొందరు అనుకొనవచ్చును. కాని ఆ బల్లయొద్ద మీరు నిలిచి దేనిని మెచ్చుకొందురో, దానినే మరుసటి సంవత్సరము పిల్లలందరును చేయుదురు. బహుమతి మెరుపునకు పోయినచో మెరుపే పెరుగును, తెలివికి పోయినచో తెలివి పెరుగును. ఈ పని మీ చేతిలోనిది.

ముందుగా ఆ వస్తువు ఏమిటో చూతము. మన శరీరమును, పొలములోని వరి మొక్కయు కణములతో ఏర్పడినవే. ఇంటికి ఇటుకలెట్లో దేహమునకు కణములట్లని చెప్పుట వాడుక. కాని ఇటుక ఆహారము తీసికొనదు, ఊపిరి పీల్చదు. కణమునకు ఆ రెండును కావలెను. మనము తిన్న అన్నములోని సారము, పీల్చిన గాలిలోని ప్రాణవాయువు – ఈ రెండింటి వలన శక్తి పుట్టుటలో పెద్ద పని జరుగు చోటు మైటోకాండ్రియా. 1898లో కార్ల్ బెండా అను జర్మను శాస్త్రజ్ఞుడు ఈ పేరు పెట్టెను. గ్రీకు భాషలో దారమని, రేణువని అర్థమిచ్చు రెండు మాటల కూడిక యది. ఆ శక్తి మంటవలె ఒక్కసారిగా వెలువడిపోదు. ఏ.టి.పి. అను చిన్న పదార్థములో నిలిచి, అవసరమైనచోట చిల్లర నాణెమువలె ఖర్చగును. నాగలి పట్టిన చేయి కదలినను, గుండె కొట్టుకొన్నను ఖర్చగునది ఈ నాణెమే. మనిషి శరీరము దినమునకు ఇంచుమించు తన బరువంత ఏ.టి.పి.ని తయారుచేసి, ఖర్చుపెట్టి, మరల తయారుచేసికొనుచుండును.

ఈ నాణెమును కండరములందు కనుగొన్నవారిలో ఒకరు మన తెలుగువారు. డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895లో భీమవరమున జన్మించి, మద్రాసులో వైద్యము చదివి, 1923లో అమెరికా చేరిరి. అచట హార్వర్డ్ విశ్వవిద్యాలయములో సైరస్ ఫిస్కీతో కలిసి 1929లో ఏ.టి.పి.ని గుర్తించిరి. అదే సంవత్సరమున జర్మనీలో కార్ల్ లోమన్ వేరుగా దానిని కనుగొనెను. మేము చూచిన నమూనాలపై రంగు కాగితముల అంచులు పెక్కు గలవు గాని, సుబ్బారావుగారి పేరు వ్రాసిన అట్ట ఒక్కటియు లేదు.

రైతులకు ఇంకను దగ్గరి సంగతి యొకటి కలదు. కణకేంద్రములోని డి.ఎన్.ఏ.గాక, మైటోకాండ్రియాకు తనదైన డి.ఎన్.ఏ. కొంచెము కలదు. మనుష్యులలో గాని, జొన్నలో గాని, వరిలో గాని అది బిడ్డకు తల్లినుండియే వచ్చును. 1964లో మన దేశమున సి.ఎస్.హెచ్.-1 అను సంకర జొన్న విడుదలైనది. సంకర విత్తనము పండించుటకు తల్లి వరుస మొక్కలలో పుప్పొడి పనిచేయనిదై యుండవలెను. లేనిచో కంకి కంకికిని పుప్పొడి తిత్తులను చేతితో తీసివేయవలసి వచ్చును. అది జరుగు పని కాదు. పుప్పొడి పనిచేయని ఆ గుణము తల్లినుండి తరతరములుగా వచ్చునది, దాని మూలము మైటోకాండ్రియాలో నున్నది. సంకర వరి విత్తనోత్పత్తిలోను పెక్కుచోట్ల ఇదే మార్గము. కాబట్టి బల్లమీది బొమ్మకును, మీరు కొని తెచ్చు విత్తనపు సంచికిని చుట్టరికము కలదు.

ఇక నమూనా సంగతి. ఒక మైటోకాండ్రియా పొడవు రమారమి 2 మైక్రోమీటర్లు, అనగా మిల్లీమీటరులో 500వ వంతు. దానిని లక్ష రెట్లు పెంచినచో 20 సెంటీమీటర్లగును. ఇంచుమించు ఒక జాన! ఇదే లెక్కన ఐదడుగుల పిల్లవానిని పెంచినచో 150 కిలోమీటర్లు దాటును, హైదరాబాదు నుండి వరంగల్లునకు గల దూరమంత. ఈ లెక్కను పిల్లలచేతనే చేయింపవలెను. అది తెలిసిన పిమ్మట నమూనాలోని ప్రతి భాగమునకు కొలత తానై వచ్చును.

మైటోకాండ్రియాకు రెండు పొరలు గలవు. ఒక్కొక్కటి లక్ష రెట్లు పెరిగినను మిల్లీమీటరు మందము కూడ ఉండదు. కావున అంగుళము మందము గల గోడలతో చేసిన బొమ్మ సరియైనది కాదు. బంకమట్టితో జానెడు దోసకాయ ఆకారము చేసి, ఆరబెట్టి, ఆముదము రాచి, దాని సగభాగముపై పాత వార్తాపత్రిక ముక్కలను చింతగింజల బంకతో ఎనిమిది తొమ్మిది పొరలుగా అతికించినచో వెలుపలి పొర సిద్ధమగును. కొండపల్లి బొమ్మలవారు అతుకులకు వాడు మక్కులో ఉండునది ఈ చింతగింజల పిండియే; దానికి రంపపు పొట్టు చేర్తురు. మన యింటి వస్తువు, ఖర్చులేని పని.

లోపలి పొరలోనే అసలు మర్మమున్నది. ఈ బొమ్మ లోపలి చుట్టు దాదాపు 45 సెంటీమీటర్లు. కాగితపు పట్టీని మడతలు లేక అమర్చినచో అంతయే పట్టును. 4 సెంటీమీటర్ల లోతున పన్నెండు మడతలు పెట్టినచో మరి 96 సెంటీమీటర్లు కావలెను. చోటు అదే, పొర మూడు రెట్లు! గజముల కొలది తలపాగా తలమీద ఇముడుటయు ఇట్లే గదా. శక్తి తయారగునది ఆ పొరమీదనే గనుక, పొర పెరిగినకొలది పని పెరుగును. ఎడతెగక పనిచేయు గుండె కండరములో ఈ మడతలు దట్టముగా నుండును. ఇచట పెక్కుమంది పిల్లలు ఒక పొరపాటు చేయుదురు. మడతలను విడివిడి అడ్డుగోడలుగా అతికింతురు. అవి విడి గోడలు కావు, ఆ చివరినుండి ఈ చివరివరకు ఒకే పొర.

రెండు పొరల నడుమ నువ్వుగింజ వెడల్పున సందు విడువవలెను. ఆ సందు వట్టిది కాదు, జలాశయము వంటిది. ఆహారమునుండి వచ్చిన శక్తితో ప్రోటానులనబడు సూక్ష్మకణములు లోపలినుండి ఆ సందులోనికి తోడబడును. అవి తిరిగి లోనికి దిగునపుడు దారిలోనున్న చిన్న చక్రమును త్రిప్పును, ఆ త్రిప్పుటలో ఏ.టి.పి. తయారగును. నాగార్జునసాగరమున నీరు దిగుచు యంత్రమును త్రిప్పుటవంటిదే ఇదియు. ఈ మార్గమును పీటర్ మిచెల్ 1961లో ప్రతిపాదించెను. 1978లో ఆయనకు నోబెల్ బహుమానము లభించినది. లక్ష రెట్ల లెక్కలో ఈ చక్రపు తల గసగసాల గింజంత. ఆ గింజలను లోపలి పొరకు లోవైపుననే అంటింపవలెను. డి.ఎన్.ఏ.కు కుట్టుదారము చాలును. మనుష్యుని మైటోకాండ్రియాలోనిదైనచో 56 సెంటీమీటర్ల దారము తీసి, కొనలు ముడివేసి, చుట్టగా లోపల ఉంచవలెను. దాని మందమునకు కూడ కుట్టుదారము ఇంచుమించు సరిపోవును.

ఒక బడిలో మేము చూచినది చెప్పెదము. పట్టణపు దుకాణములో కొన్న థర్మకోలు బొమ్మలు, విద్యుద్దీపములతో, ముందు బల్లపై మెరయుచున్నవి. కూలి చేసికొని బ్రతుకు కుటుంబపు బాలిక పాత కాగితములతో చేసిన నమూనా వెనుక బల్లపై, కిటికీ ప్రక్కన నున్నది. మడతలెందుకమ్మా యని అడుగగా, ఆమె పట్టీని ఊడదీసి, చాచి, కొలిచి చూపినది. ముందు బల్లవారిని అదే ప్రశ్న అడుగగా నేల చూపులు చూచిరి. అయినను మొదటి బహుమతి దీపముల బొమ్మకే పోయినది. ఆ బాలిక మరుసటి యేడు ఏమి చేసియుండునో మాకు తెలియదు గాని, ఏమి నేర్చుకొని యింటికి పోయెనో ఊహింపగలము. థర్మకోలును గురించి ఇంకొక మాట. అలంకరణకు వాడు థర్మకోలు 2022 జూలై 1 నుండి దేశమంతటను నిషిద్ధము. బడి నమూనా అలంకరణ క్రిందికి రాదని వాదింపవచ్చును. కాని ఉత్సవము ముగిసిన మరునాడు ఆ ముక్కలు చేరునది మీరు శుభ్రము చేయింపవలసిన కాలువలోనికే.

మీరు శాస్త్రము చదువలేదని సంకోచింపనక్కరలేదు. మడత విప్పి చూపుమని అడుగుడు. ఈ దారము తండ్రిదా, తల్లిదా యని అడుగుడు. ఇది ఎన్ని రెట్లు పెంచిన బొమ్మయని అడుగుడు. చేసినవారు చెప్పగలరు, కొన్నవారు చెప్పలేరు. బహుమతి జాబితా వ్రాయుటకు ముందే ప్రధానోపాధ్యాయులతో మాటలాడి, జవాబులకే మార్కులని నిర్ణయించుకొనుడు. పంచాయతీ కార్యాలయములో మూలబడియున్న పాత వార్తాపత్రికల కట్టలను జనవరిలోనే బడికి పంపింపుడు. ఆలస్యమైనచో పొరలారుటకు వ్యవధి చాలదు.