బొమ్మల కథలో పిల్లి, ఎలుక

పిల్లలకు బొమ్మలతో కథ చెప్పుట మనకు కొత్త విద్య కాదు. తోలుబొమ్మలాట చూచి, పంచతంత్రము విని, చందమామ పుటలు త్రిప్పి మనవారు మంచిచెడ్డలు తెలిసికొన్నారు. అయితే, మనుషులు మనుషులను లక్షలకొలది చంపిన చరిత్రను బొమ్మల పుస్తకముగా పిల్లల చేతికి ఈయవచ్చునా? ఈనాటి ప్రసంగమునకు విషయము ఇదే.

1933లో జర్మనీలో హిట్లరు అధికారమునకు వచ్చినాడు. రెండవ ప్రపంచయుద్ధ కాలములో నాజీలు, వారి సహాయకులు ఐరోపాలోని యూదులను సుమారు 60 లక్షల మందిని చంపినారు. ఈ సంఖ్య పెద్దల ఊహకే అందదు. పన్నెండేళ్ల పిల్లవానికి అది లెక్కల పుస్తకములోని సున్నాల వరుస. ఒక తండ్రి కథ మాత్రము వానికి అందును.

ఆర్ట్ స్పీగెల్‌మన్ అనే అమెరికా చిత్రకారుడు అట్టి కథనే గీసినాడు. పోలెండు యూదుడైన ఆయన తండ్రి ఆష్‌విట్జ్ మృత్యుశిబిరమునుండి ప్రాణములతో బయటపడినవాడు. ‘మౌస్’, అనగా ‘ఎలుక’, అనే ఆ పుస్తకము 1986లోను 1991లోను రెండు భాగములుగా వెలువడి, 1992లో పులిట్జర్ బహుమానము పొందినది. అందులో యూదులు ఎలుకలు, జర్మనులు పిల్లులు.

మన పిల్లలకు ఇక్కడనే ఒక చిక్కున్నది. పంచతంత్రము విన్న పిల్లవాడు, పిల్లి ఎలుకను తినుట సహజమే కదా అనుకొనవచ్చును. పిల్లికి ఉన్నది ఆకలియే కాని పగ కాదు. జర్మనీలో జరిగినది ప్రకృతి ధర్మము కాదు. చట్టములు వ్రాసినవారు, పేర్ల జాబితాలు కట్టినవారు, రైళ్లు నడిపినవారు, చూచి ఊరకున్నవారు, అందరూ మనుషులే. యూదులను ఎలుకలని నిందించినదీ నాజీలే. ఆ నిందనే చిత్రకారుడు ఎత్తి చూపినాడు. రెండవ భాగములో ఒకచోట తన్ను తాను ఎలుక ముసుగు తగిలించుకొన్న మనిషిగా గీసికొన్నాడు. ఆ పుట వద్ద ఆగి, “ముసుగు వెనుక ఉన్నదెవరు?” అని పిల్లవానిని అడుగవలెను. జవాబు వాడే చెప్పును.

సోమశిల ప్రాంతపు పిల్లవాడు మరొక ప్రశ్న వేయవచ్చును. పెన్నపై ఇక్కడ జలాశయము కట్టినప్పుడు ఎగువన నాటి కడప జిల్లాలో ఊళ్లు మునిగినవి. ఆ వ్యథ పెద్దల నోట విన్నవాడు, “ఇదీ అటువంటిదేనా, తాతా?” అనును. ఇల్లు విడిచిన దుఃఖము ఎక్కడైనను నిజమే. దానిని తేలిక చేయరాదు. కాని, ఇక్కడ నీటికొరకు ఊరు ఖాళీ చేయించినారు. అక్కడ యూదులుగా పుట్టినందుకే బ్రతుకరాదని శాసించినారు. ఈ భేదము తెలిసిన పిల్లవాడు ఏ దుఃఖమునూ చిన్నచూపు చూడడు.

2022లో అమెరికాలోని టెనెసీ రాష్ట్రములో ఒక పాఠశాలల మండలి, మోటుమాటలున్నవనియు ఒక నగ్నచిత్రమున్నదనియు ‘మౌస్’ను ఎనిమిదవ తరగతి పాఠ్యమునుండి తొలగించినది. పెద్దల జంకు అర్థము కానిది కాదు. ఏడెనిమిదేళ్ల వారికి ఈ పుస్తకము తగదు. పదమూడు, పదునాలుగేళ్లు వచ్చినవారికి ఈయవచ్చును. అంతకు ముందు, ఆమ్‌స్టర్‌డాములో రెండేళ్లు దాగియుండి, పట్టుబడి, 1945లో పదునైదేళ్లకే శిబిరములో మరణించిన ఆన్ ఫ్రాంక్ అనే బాలిక కథను నోటితో చెప్పవచ్చును.

పుస్తకము ఇచ్చి ప్రక్క గదికి పోరాదు. ప్రక్కన కూర్చుండవలెను. పిల్లవాడు పుట మూసిన చోట మనమూ ఆగవలెను; అడిగినంత మేరకు నిజమే చెప్పవలెను. తోటివానిని పురుగనియో ఎలుకయనియో ఎవరైనా పిలిచిననాడు, ఆ మాట ఎక్కడికి దారితీయునో వానికి తోచినచో, మన శ్రమ ఫలించినట్లే.