ఫొటోలు అమ్మితే ఇల్లు గడుస్తుందా?



పోలవరం గోదావరి ఒడ్డున ఉంది. ఎగువన పాపికొండలు ఉన్నాయి. ఆ కొండల మధ్య నుంచి గోదావరి ఇరుకుగా వస్తుంది. పోలవరం దాటాక ఏరు విశాలమవుతుంది. దిగువన పట్టిసంలో ఏటి నడుమ వీరభద్రస్వామి గుడి ఉంది.

ఈ చోట్ల ఫొటోలు మీరు చాలా చూసి ఉంటారు. క్యాలెండరు మీద చూసి ఉంటారు. హోటలు గోడ మీద చూసి ఉంటారు. సెల్‌ఫోనులో చూసి ఉంటారు.

ఆ ఫొటో ఎవరు తీశారు? దానికి డబ్బు ఎవరు ఇచ్చారు? ఎంత ఇచ్చారు? ఈ రోజు ఆ సంగతి మాట్లాడుకుందాం. ఎందుకంటే ఈ సంగతి ఇప్పుడు ఇళ్లలోకి వచ్చింది. అప్పు కాగితం దాకా వచ్చింది.

తల్లీ కొడుకూ

ఒక తల్లి ఉందనుకుందాం. ఆమెది పోలవరం దగ్గర ఒక ఊరు. కూలి పనికి వెళ్తుంది. వేసవిలో చింతపండు అమ్ముతుంది. డ్వాక్రా సంఘంలో సభ్యురాలు. ఈ మధ్యనే సంతకం పెట్టడం, చదవడం నేర్చుకుంది. ఆమెకు ఒక కొడుకు. డిగ్రీ చదివాడు. ఉద్యోగం రాలేదు.

ఒక రాత్రి అన్నం తింటూ కొడుకు అన్నాడు.

"అమ్మా, సంఘంలో నలభై వేలు అప్పు తీసుకో. కెమెరా కొంటాను."

"కెమెరా ఎందుకురా?"

"ఫొటోలు తీసి ఇంటర్నెట్‌లో అమ్ముతాను. ఒక్కసారి పెడితే చాలు. ప్రపంచంలో ఎవరైనా కొనుక్కుంటారు. మనం నిద్రపోతున్నా డబ్బు వస్తూనే ఉంటాది."

తల్లికి ఆశ పుట్టింది. భయం కూడా వేసింది. అప్పు కాగితం మీద సంతకం ఆమెది. వాయిదా కట్టకపోతే సంఘంలో మాట పడేది ఆమె. తోటి సభ్యుల ముందు తల దించుకోవలసింది కూడా ఆమే.

"పొద్దున్నే చెబుతాలే" అంది.

కొడుకు అబద్ధం చెప్పలేదు. అలా ఫొటోలు అమ్మే చోట్లు నిజంగానే ఉన్నాయి. కానీ వాడు లెక్క మొత్తం చెప్పలేదు. వాడికీ తెలియదు. ఆ లెక్క ఏమిటో చూద్దాం.

ఫొటోల కొట్టు

కిరాణా కొట్టులో సరుకు ముందే తెచ్చి పెడతారు. కావలసినవాళ్లు వచ్చి కొనుక్కుంటారు. ఫొటోలకు కూడా అలాంటి కొట్లు ఉన్నాయి. వీటిని స్టాక్ ఫొటో సంస్థలు అంటారు. స్టాక్ అంటే నిలవ సరుకు.

పత్రికలవాళ్లకు ఫొటోలు కావాలి. సబ్బు ప్రకటనకు ఫొటో కావాలి. పాఠ్యపుస్తకానికి ఫొటో కావాలి. వాళ్లు ఈ కొట్లో వెతుక్కుంటారు. నచ్చింది వాడుకోవడానికి డబ్బు కడతారు. అందులో కొంత కొట్టు యజమాని ఉంచుకుంటాడు. కొంత ఫొటో తీసినవారికి ఇస్తాడు. ఒకే ఫొటో ఎన్నిసార్లయినా అమ్ముడుపోవచ్చు. అసలు అమ్ముడుపోకనూ పోవచ్చు.

పూర్వం ఇలాంటి సంస్థల్లో ఫొటోగ్రాఫర్లు కొద్దిమందే ఉండేవారు. ఫొటో ధర బాగా ఉండేది. తర్వాత ఇంటర్నెట్ వచ్చింది. 2000 సంవత్సరంలో కెనడా దేశంలో ఐస్టాక్‌ఫొటో మొదలైంది. 2003లో అమెరికాలో జాన్ ఓరింగర్ అనే ఆయన షట్టర్‌స్టాక్ పెట్టాడు. తాను తీసిన 30 వేల ఫొటోలతో మొదలుపెట్టాడు. మన దేశంలో 2006లో సందీప్ మహేశ్వరి ఇమేజెస్‌బజార్ పెట్టాడు. అందులో భారతీయుల ఫొటోలు అమ్ముతారు.

ఓరింగర్ చాలా ధనవంతుడయ్యాడు. అది ఫొటోలు ఇచ్చినవాడిగా కాదు. కొట్టు యజమానిగా. ఈ తేడా గుర్తుపెట్టుకోండి.

ఒక్క ఫొటోకు ఎంత?

షట్టర్‌స్టాక్ 2020 జూన్‌లో కొత్త లెక్క పెట్టింది. వచ్చిన డబ్బులో నూటికి 15 నుంచి 40 వంతుల దాకా ఫొటో తీసినవారికి ఇస్తుంది. ఎక్కువ అమ్ముడుపోయినవారికి ఎక్కువ వంతు. కానీ ప్రతి జనవరిలో అందరూ మళ్లీ మొదటి మెట్టు మీదికి రావాలి. అప్పుడు మళ్లీ నూటికి 15 వంతులే. పెద్ద కొనుగోలుదారులు వేల ఫొటోలు టోకున తీసుకుంటారు. అప్పుడు ఒక్కో ఫొటోకు వచ్చేది 10 సెంట్లు కావచ్చు. నూరు సెంట్లు ఒక డాలరు.

డాలరును 90 రూపాయలు అనుకుందాం. అప్పుడు 10 సెంట్లు అంటే 9 రూపాయలు.

ఇప్పుడు పలక తీయండి. లెక్క వేద్దాం.

అప్పు 40,000 రూపాయలు. రెండేళ్లలో తీర్చాలి. రెండేళ్లు అంటే 24 నెలలు. నెలకు అసలు దాదాపు 1,667 రూపాయలు. వడ్డీ వేరు.

ఒక అమ్మకానికి 9 రూపాయలు. 1,667 రూపాయలు రావాలంటే ఫొటోలు నెలకు దాదాపు 185 సార్లు అమ్ముడుపోవాలి. ప్రతి నెలా అలాగే అమ్ముడుపోవాలి. మొదటి నెల నుంచీ అమ్ముడుపోవాలి. అప్పుడు అసలు మాత్రం తీరుతుంది. బియ్యానికి ఒక్క రూపాయి కూడా మిగలదు.

కొన్ని అమ్మకాలకు ఎక్కువ డబ్బు వస్తుంది. అది నిజమే. కానీ అప్పు తీర్చే లెక్క ఎప్పుడూ తక్కువ రాబడి మీదే వేయాలి. ఎక్కువ వస్తే సంతోషం.

ఇంకొక సంగతి. డబ్బు ఏ రోజుకు ఆ రోజు చేతికి రాదు. కొంత మొత్తం అయ్యేదాకా ఆగాలి. అడోబ్ స్టాక్ అనే సంస్థలో 25 డాలర్లు పోగయితేనే డబ్బు తీసుకోవచ్చు. అప్పు వాయిదా మాత్రం ఆగదు.

ధర ఎందుకు పడింది?

మొదటి కారణం, సరుకు ఎక్కువ. ఒక్క షట్టర్‌స్టాక్‌లోనే 40 కోట్లకు పైగా ఫొటోలు, బొమ్మలు ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్ జనాభా దాదాపు 5 కోట్లు. అంటే రాష్ట్రంలో ఒక్కొక్కరికి ఎనిమిదేసి పంచవచ్చు. సంతలో అందరూ వంకాయలే తెస్తే వంకాయ ధర ఏమవుతుంది?

రెండో కారణం, ఉచితంగా దొరకడం. 2013లో అన్‌స్ప్లాష్ మొదలైంది. అక్కడ ఎన్నో ఫొటోలు డబ్బు లేకుండా తీసుకోవచ్చు.

మూడో కారణం కొత్తది. 2022 నుంచి కంప్యూటరే బొమ్మలు చేసి ఇస్తోంది. "ఏటి ఒడ్డున పడవ, వెనుక కొండ" అని రాస్తే చాలు. క్షణాల్లో బొమ్మ వస్తుంది. చూస్తే ఫొటోలాగే ఉంటుంది. దీన్ని కృత్రిమ మేధ అంటారు. 2022లోనే గెట్టీ అనే సంస్థ ఇలాంటి బొమ్మలు తన కొట్లో పెట్టవద్దంది. అదే ఏడాది అడోబ్ స్టాక్ పెట్టవచ్చు అంది. ఇప్పుడు ఫొటో తీసేవాడికి కంప్యూటరుతో కూడా పోటీ.

పులస చెప్పే పాఠం

గోదావరి జిల్లాలవాళ్లకు పులస గురించి చెప్పాలా? వరద కాలంలో సముద్రం నుంచి ఆ చేప ఏటికి ఎదురీదుకుంటూ వస్తుంది. ధవళేశ్వరం దిగువన వలలో పడుతుంది. పుస్తెలమ్మి అయినా పులస తినాలంటారు. ధర అంత ఉంటుంది.

మరి ఏటి మీద బతికేవాళ్లు పులసనే నమ్ముకుంటారా? నమ్ముకోరు. ఏడాది పొడవునా వేరే చేపలు పడతారు. పులస పడిన రోజు పండగ. పడని రోజు కూడా పొయ్యి వెలగాలి కదా.

ఇంటర్నెట్‌లో ఫొటోల అమ్మకం పులస లాంటిది. దానికోసం వల వేయవచ్చు. దాని మీద ఆశతో అప్పు చేయకూడదు.

ఫొటోగ్రాఫర్లు ఎలా బతుకుతారు?

ఫొటో పనిలో అన్నం లేదా? ఉంది. అడిగినవారికి ఫొటో తీసి ఇచ్చేవారికి ఉంది. పెళ్లి, సమర్త, పుట్టినరోజు, పాస్‌పోర్టు ఫొటో. ఈ పనికి ముందే బేరం కుదురుతుంది. బయానా ఇస్తారు. పని కాగానే మిగతాది ఇస్తారు.

పాతకాలం ఉదాహరణ ఒకటి ఉంది. రాజా దీన్‌దయాళ్ అనే గొప్ప ఫొటోగ్రాఫర్ 1844లో ఉత్తరాదిన పుట్టాడు. తర్వాత హైదరాబాదు వచ్చాడు. ఆరో నిజాముకు ఆస్థాన ఫొటోగ్రాఫర్ అయ్యాడు. సికింద్రాబాదులో స్టూడియో పెట్టాడు. 1892లో ఆడవాళ్ల కోసం వేరే స్టూడియో తెరిచాడు. అక్కడ ఫొటోలు తీసేది కూడా ఆడమనిషే. పరదాలో ఉండే స్త్రీలు ధైర్యంగా వచ్చి ఫొటో తీయించుకునేవారు. ఎవరికి ఏం కావాలో తెలుసుకుని ఆయన పని పెట్టుకున్నాడు.

ఎవరో కొంటారని తీసిన ఫొటో విత్తనం. అడిగి తీయించుకున్న ఫొటో పంట. విత్తనాలు చల్లవచ్చు. కానీ ఈ పూటకు వండుకోవడానికి పంట కావాలి.

అప్పు లేకుండా ఎలా మొదలుపెట్టాలి?

మొదట చేతిలో ఉన్న సెల్‌ఫోనుతో తీయాలి. ఫొటో స్పష్టంగా ఉంటే ఫోనుతో తీసినవీ కొన్ని సంస్థలు తీసుకుంటాయి. మసకగా ఉంటే తిప్పి పంపుతాయి. ఫొటోలో కంపెనీల గుర్తులు ఉన్నా తిప్పి పంపుతాయి.

పాపికొండల మీద సూర్యుడు అందరూ తీసిందే. మీ చేతుల పని తీయనివ్వండి. అడ్డాకులతో విస్తరి కుట్టడం. చింతపండు గింజ తీయడం. వరద తగ్గాక ఇల్లు అలకడం. ఇవి బయటివాళ్లకు తెలియవు. తెలిసినవాళ్లు తీస్తేనే సరిగా ఉంటాయి.

ఫొటోతో పాటు మాటలు రాయాలి. ఇది ఏ ఊరు, ఏ పని, ఏ ఆకు, ఏ నెల అని రాయాలి. కొనేవాళ్లు మాటలతోనే వెతుకుతారు. మాట లేని ఫొటో చీకట్లో పెట్టిన సరుకు. పేర్లు తల్లి చెప్పాలి. కొడుకు ఇంగ్లీషులో రాయాలి. ఇది ఇద్దరి పని.

చేరడానికి డబ్బు కట్టమనేవాళ్లను నమ్మవద్దు. షట్టర్‌స్టాక్, అడోబ్ స్టాక్ చేరినందుకు డబ్బు తీసుకోవు. "ఐదు వేలు కట్టు, నెలకు యాభై వేలు వస్తాయి" అంటే అది మోసం.

మీ ముఖం మీది

కొడుకు సంగతి అలా ఉంచండి. మీ సంగతి చూడండి.

పాపికొండలు చూడటానికి యాత్రికులు వస్తారు. కొండరెడ్ల ఊళ్లలో ఆడవాళ్లను, పిల్లలను ఫొటో తీస్తారు. "అలా నవ్వమ్మా" అంటారు. కొందరు ఆ ఫొటోలను అమ్ముతారు కూడా.

ఇక్కడ ఒక నియమం ఉంది. మనిషి ముఖం తెలిసే ఫొటోను ప్రకటనలకు అమ్మాలంటే ఆ మనిషి ఒప్పుకుని సంతకం పెట్టిన కాగితం కావాలని ఈ సంస్థలు అడుగుతాయి. పిల్లలయితే తల్లిదండ్రుల సంతకం కావాలి. వార్తల కోసం వాడే ఫొటోకు మాత్రం ఈ కాగితం అడగకపోవచ్చు.

కాబట్టి ఎవరైనా ఫొటో తీసి కాగితం ఇస్తే వెంటనే సంతకం పెట్టవద్దు. "దీంట్లో ఏం రాసుంది బాబూ? ఫొటో ఎక్కడ వాడతారు? నాకేం ఇస్తారు?" అని అడగండి. ఇంగ్లీషులో ఉంటే చదివి చెప్పగలవారికి చూపించండి. ఇష్టం లేకపోతే వద్దనండి. వద్దనడం తప్పు కాదు.

వేలిముద్ర వేసే రోజుల్లో అడిగే వీలు తక్కువ. ఇప్పుడు చదువు వచ్చింది. సంతకం విలువ తెలిసింది. చదవకుండా పెట్టిన సంతకం వేలిముద్రకంటే మెరుగు కాదు.

తల్లి ఏం చేసింది?

మన కథలో తల్లి దగ్గరికి మళ్లీ వద్దాం. పొద్దున్నే ఆమె పలక ముందు పెట్టుకుంది. కొడుకును పిలిచింది.

"ఒక ఫొటోకు ఎంత వస్తాదిరా?"

కొడుకు ఫోనులో చూసి చెప్పాడు. ఇద్దరూ లెక్క వేశారు. 185 అని వచ్చింది. కొడుకు ఏమీ మాట్లాడలేదు.

"నీకు పని రాదని నేననడం లేదు నాయనా" అంది తల్లి. "ముందు స్టూడియోలో చేరు. పెళ్లిళ్ల రోజుల్లో వాళ్లకు మనుషులు కావాలి. అక్కడ కెమెరా పట్టడం నేర్చుకో. ఖాళీ ఉన్నప్పుడు ఫోనుతో తీసి ఇంటర్నెట్‌లో పెట్టు. వచ్చింది వచ్చినట్టు ఈ పుస్తకంలో రాద్దాం. ఏడాది చూద్దాం. పుస్తకం కొనమంటే అప్పుడు కెమెరా కొందాం."

"ఏడాదా అమ్మా?"

"కొబ్బరి మొక్క నాటిన రోజే కాయ అడుగుతామా?"

కొడుక్కి కొంచెం కష్టంగానే ఉంది. అయినా నోటుపుస్తకం తెచ్చాడు. తల్లి తన చేత్తో గీత గీసింది. ఒక వైపు "వచ్చింది" అని రాసింది. రెండో వైపు "పోయింది" అని రాసింది.

అక్కలారా, మీ ఇంట్లో కూడా ఇలాంటి మాట రావచ్చు. ఫొటోలు కావచ్చు. ఇంకేదైనా కావచ్చు. పిల్లల ఆశను కొట్టిపారేయకండి. దాని మీద గుడ్డిగా సంతకమూ పెట్టకండి. పలక తీయండి. లెక్క వేయండి. తర్వాత చెప్పండి.

సెలవు.

మీ సంఘంలో మాట్లాడుకోండి

1. నెలకు 300 అమ్మకాలు అయ్యాయి. ఒక్కో దానికి 9 రూపాయలు. మొత్తం ఎంత?
2. మీ ఊళ్లో ఏడాదిలో కొన్ని రోజులే రాబడి ఇచ్చే పనులు ఏవి? మిగతా రోజుల్లో ఇల్లు ఎలా గడుస్తుంది?
3. ఫొటో తీసినవారు కాగితం ఇస్తే మీరు ఏ మూడు ప్రశ్నలు అడుగుతారు? రాయండి.