ఉత్సాహం – పట్టుదల



ఆంధ్రులు ఆరంభశూరులని మనవాళ్లే అంటారు. ఉగాదికి మన సాయంకాలపు తెలుగు తరగతి నిండుతుంది. దీపావళి నాటికి సగం బల్లలు ఖాళీ. వట్టి ఉత్సాహం పాలపొంగు. పట్టుదల తోడైతేనే అది నిలుస్తుంది.

సి.పి. బ్రౌన్ దొరగారికి తెలుగు మాతృభాష కాదు. 1820లో ఉద్యోగరీత్యా కడపకు వచ్చారు. సొంత డబ్బుతో పండితులను నియమించి, తాళపత్రాలకు శుద్ధప్రతులు రాయించారు. 1829లో వేమన పద్యాలను అచ్చువేయించారు. నిఘంటువు వెలువడేసరికి 1852. అంటే 32 ఏళ్ల ఉత్సాహం!

ఈ మలేసియా రబ్బరు తోటలకు మన తాతలు తెచ్చిన భాష మూడు తరాలు నిలిచింది. మీ పిల్లలది నాలుగో తరం. రాత్రి భోజనాల వేళ వారితో తెలుగే మాట్లాడండి. వారు మలాయిలోనో ఇంగ్లీషులోనో జవాబిచ్చినా, మీరు మానకండి.

సెలవు.