మనల్ని పిలిచే పేర్లు



బస్సులో ఎవరైనా "మీదే ఊరు?" అనడిగితే సీతంపేట అనో, గుమ్మలక్ష్మీపురం అనో చెప్పకుండా "ఏజెన్సీ" అనేస్తాం. ఆ మాట ఎక్కడిదో తెలుసా? 1839లో కుంపిణీ ప్రభుత్వం గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ ప్రాంతాలను మామూలు చట్టాల నుంచి తప్పించి, గవర్నరు ఏజెంటు హోదాలో కలెక్టరుకు అప్పగించింది. ఏజెంటు ఏలిన చోటు ఏజెన్సీ. దొరగారి ఉద్యోగం పేరే మన ఊరి పేరైపోయింది!

"కొండోళ్ళు" సంగతి వేరు. కొండ మీద ఉన్నాం, ఆ మాటలో తప్పేం లేదు. హాస్టల్లో, కాలేజీలో దాన్ని ఏ గొంతుతో అంటారో మీకే తెలుసు. ఆ గొంతుకి భయపడి కొందరు పిల్లలు సవరలమని, జాతాపులమని, గదబలమని చెప్పుకోవడమే మానేశారు. నాకు బాధ అక్కడే.

ఐతరేయ బ్రాహ్మణంలో ఆంధ్రుల పేరున్న వరుసలోనే శబరుల పేరూ ఉంది. సవరల పూర్వీకులు వాళ్ళేనని పండితులంటారు. "సవర" అన్నది తెలుగువాళ్ళ పలుకు. సవరలు తమను తాము "సొర" అనుకుంటారు. గిడుగు రామమూర్తి పంతులుగారు ఆ భాష నేర్చుకుని రాసిన పుస్తకం 1931లో అచ్చయింది. దాని పేరులో ముందున్నది "సొర", "సవర" ఆ తరవాతే. బయటివాడైనా మనవాళ్ళు ఏమంటున్నారో ముందు విన్నాడాయన.

సర్టిఫికెట్‌లో మాత్రం ప్రభుత్వ జాబితాలో ఉన్నట్టే రాయించుకోండి, అక్కడ పంతం వద్దు.

ఇంటికెళ్ళి తాతనో అవ్వనో ఒకటడగండి: కింద ఊళ్ళవాళ్ళను మన భాషలో ఏమంటారు? మనవాళ్ళూ పేర్లు పెట్టకుండా ఊరుకుని ఉండరు. రాసుకొచ్చి వచ్చే సమావేశంలో చదవండి. నవ్వుకుందాం.