బండి సర్వీసు పుస్తకము



గత పెండ్లిండ్ల రోజులలో మా అన్నగారు బట్టలు కొనుటకు తమ చిన్న ట్రక్కులో హైదరాబాదు వచ్చిరి. 1908 మూసీ వరద తరువాత కట్టిన పత్తర్‌గట్టి రాతి కమానుల ఎదుట ఇంజను సీజయినది. వారంటీ ఇంకను ఏడు నెలలు గలదు. అయినను కంపెనీవారు ఒప్పుకొనలేదు.

బండి ఆరు వేల కిలోమీటర్లే తిరిగినది, సర్వీసు పది వేలకు గదా అని అన్నగారి లెక్క. పుస్తకములో మాత్రము "పది వేల కిలోమీటర్లు లేక ఒక సంవత్సరము, ఏది ముందైన అది" అని యున్నది. మన బండ్లు కోతలప్పుడు తిరిగి, తక్కిన నెలలు చెట్టు క్రింద నిలిచియుండును. కనుక మనకు గడువు మీరునది తేదీ వలననే. నిలిచిన బండిలోను ఆయిలు తేమ పట్టి చెడును. ట్రాక్టరు లెక్క గంటలలో. పెక్కింటికి మొదటి సర్వీసు 50 గంటలకే. దుమ్ములో తిరుగు బండికి ఎయిర్ ఫిల్టరు ఇంకను ముందుగా చూడవలెను.

ఊరి మెకానిక్ చేత ఆయిలు మార్పించితినని అన్నగారనిరి. రసీదు ఏది? తేదీ, బండి నంబరు, మీటరు రీడింగు, ఆయిలు రకము వ్రాయించి రసీదు తీసికొనవలెను. వారంటీ కాలములో అధికార సర్వీసు కేంద్రమునకే పోవుట మేలు. పుస్తకములో ముద్ర పడును.

అన్నియు సక్రమముగా చేయించినను నిరాకరించినచో కారణమును వ్రాతమూలకముగా అడుగవలెను. 1915 నంబరుకు ఫోను చేయవచ్చును. 2019 వినియోగదారుల రక్షణ చట్టము క్రింద జిల్లా కమిషనులో రెండేండ్లలోగా ఫిర్యాదు చేయవచ్చును. అన్నగారి యొద్ద కాగితమే లేదు. ఆ యేటి మిరప డబ్బు ఇంజనుకు పోయినది. పెండ్లి చీరలు బస్సులో ఇల్లు చేరినవి.