హిందీ పరీక్షకు తెలుగు తోడు

(ప్రసంగ పాఠము)



బిలాస్‌పూరునందలి తెలుగువారి చరిత్ర రైలుబాటతో పెనవేసికొనియున్నది. బెంగాల్ నాగపూర్ రైల్వే 1887లో ఏర్పడెను. కాలక్రమమున దాని బాటలు ఒకవైపు ఛత్తీస్‌గఢ్ మైదానమునకును, మరియొకవైపు విశాఖ తీరమునకును వ్యాపించినవి. 1931లో విజయనగరము, రాయపూర్ మార్గము పూర్తియైనది. ఉత్తరాంధ్రమునుండి జీవనోపాధికై వచ్చినవారు ఇచట ఇంజను షెడ్డులలోను, స్టేషనులలోను, ఆఫీసులలోను కుదురుకొని అర్పానదీ ప్రాంతమును స్వస్థలము చేసికొనిరి. 2003 ఏప్రిల్ 1న ఆగ్నేయ మధ్య రైల్వే ప్రధాన కార్యాలయము ఇచట పనిచేయ నారంభించినది. నేడు వారి మూడవతరమును, నాల్గవతరమును ఈ నగరమున పెరుగుచున్నవి.

ఇట్టి తెలుగు ఉద్యోగి ఉదయమునుండి సాయంకాలమువరకు హిందీలోనే మాటలాడును. కూరగాయల బేరము హిందీలో, తోటివారితో తగవు హిందీలో, పై అధికారికి సమాధానము హిందీలో. అయినను ప్రబోధ్, ప్రవీణ్, ప్రాజ్ఞ పరీక్షల పేరు వినగనే వాని గుండె దడదడలాడును. ఇరువదియేండ్లుగా నోటనున్న భాష కలమునకు దిగిరాకపోవుటకు కారణమేమి? దానికి ఉపాయమెక్కడ నున్నది? ఉపాయము దూరమున లేదు. అది వాని మాతృభాషలోనే యున్నది.

మొదట ఈ పరీక్షల సంగతి. రాజ్యాంగ పరిషత్తు 1949 సెప్టెంబరు 14న హిందీని కేంద్రప్రభుత్వ అధికారభాషగా అంగీకరించెను. కేంద్రోద్యోగులకు హిందీ నేర్పు పథకము 1955లో హోంశాఖ అధీనమునకు వచ్చెను. 1960 ఏప్రిల్ 27 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు, 1961 జనవరి 1 నాటికి 45 ఏండ్లు నిండని ఉద్యోగులకు, కొన్ని వర్గములను మినహాయించి, ఈ శిక్షణను విధిగా చేసెను. ప్రబోధ్ మొదటి మెట్టు; తెలుగు మున్నగు ద్రావిడభాషలవారు ఇచటనే ఆరంభింతురు. ప్రవీణ్ రెండవది, ప్రాజ్ఞ మూడవది. 2015లో పారంగత్ అను పై మెట్టు చేరినది. ప్రబోధ్ మొదలు ప్రాజ్ఞ వరకు వ్రాతతోపాటు మౌఖిక పరీక్షయు కలదు. నిర్దేశించిన తుది పరీక్షలో ఉత్తీర్ణుడైనవానికి, నియమములకు లోబడి, ఒక ఇంక్రిమెంటునకు సమానమైన వ్యక్తిగత వేతనము 12 నెలలపాటు లభించును.

ఆ వేతనము స్వల్పము; అసలు ప్రయోజనము వేరొకటి. 1976 నాటి అధికారభాషా నియమముల ప్రకారము ఛత్తీస్‌గఢ్ 'క' ప్రాంతమునకు చెందును. ఇచట రాష్ట్రప్రభుత్వముతోను, ప్రజలతోను జరుగు ఉత్తరప్రత్యుత్తరములు సామాన్యముగా హిందీలోనే నడువవలెను. హిందీ వ్రాయలేని ఉద్యోగి తన అభిప్రాయమును మరియొకరిచే వ్రాయించుకొని దాని క్రింద సంతకము చేయును. పట్టాలమీద పనిచేయువాని సెలవు దరఖాస్తు కానిండు, వితంతువు పింఛను కాగితము కానిండు, తాను తలచిన నిర్ణయమే ఆ కాగితముపై నున్నదో లేదో తెలియక సంతకము చేయుట ఉద్యోగధర్మమున పెద్దలోటు. పరీక్ష పోయిన మరల వ్రాయవచ్చును. పొరపాటున పోయిన పింఛను ఆ కుటుంబమునకు ఎప్పుడు తిరిగివచ్చును?

ఇక తెలుగు చేయు సాయమును చూతము. హిందీ వాక్యనిర్మాణము తెలుగువానికి పరాయిది కాదు. కర్త మొదట, కర్మ నడుమ, క్రియ చివర. "బల్లమీద" అన్నను, "మేజ్ పర్" అన్నను విభక్తి నామము వెనుకనే నిలుచును. "నాకు ఆకలి వేయుచున్నది" అను తీరుననే "ముఝే భూఖ్ లగీ హై" అందురు. "చేసికొనుట"కు "కర్ లేనా", "చేసిపెట్టుట"కు "కర్ దేనా", "వెళ్ళి, చూచి, వచ్చెను" అనుటకు "జాకర్, దేఖ్‌కర్ ఆయా" సరిపోవును. తెలుగునుండి హిందీకి నేరుగా నడచుటకు ఇంత చక్కని బాట యుండగా, అనేకులు మనస్సులో తెలుగును ఇంగ్లీషు చేసి, ఆ ఇంగ్లీషును మరల హిందీ చేయుదురు. ఇది బిలాస్‌పూరునుండి రాయపూరునకు కలకత్తామీదుగా పోవుట వంటిది.

లింగభేదము తెలుగువారికి కొరుకుడుపడని సమస్య. తెలుగులో బల్లకును, పుస్తకమునకును ఆడ, మగ తేడా లేదు. హిందీలో ప్రతి వస్తువును రెంటిలో ఒకటి కావలెను. అయితే కార్యాలయములలో వాడు సంస్కృతపదముల విషయమున తెలుగు ఒక చక్కని గుర్తు నిచ్చుచున్నది. తెలుగున "ము"తో ముగియు కార్యాలయము, ఆదేశము, వేతనము, నిర్ణయము, నియమము అను పదములు హిందీలో సామాన్యముగా పుంలింగములు. "ము" చేరని సూచన, ఆజ్ఞ, సేవ, పరీక్ష, యోజన, భాష అనునవి అచట సూచనా, ఆజ్ఞా, సేవా యని దీర్ఘాంతములై స్త్రీలింగములగును. అనుమతి, ప్రగతి, నియుక్తి వంటి "తి"కారాంతములును ప్రాయికముగా స్త్రీలింగములే. పుస్తకము, విజయము, దేహము అనునవి హిందీలో స్త్రీలింగములై ఈ గుర్తును దాటిపోవును. "వ్యక్తి" పుంలింగమై దాటిపోవును. ఇట్టివానిని వేరుగా వ్రాసికొనవలెను. మిగిలిన పదముల కొరకు నామమును ఒంటరిగా నేర్వక విశేషణముతో కూర్చి నేర్చుట మేలు: "నయా ఇంజన్", "పురానీ ఫైల్", "బడా కమరా", "లంబీ చిట్ఠీ". ఇట్లు నేర్చినవానికి లింగము పదముతోడనే జ్ఞప్తికి వచ్చును.

"నే" ప్రత్యయము రెండవ చిక్కు. "రామ్ నే చిట్ఠీ లిఖీ" అనుచోట వ్రాసినవాడు పురుషుడైనను క్రియ స్త్రీలింగము. "సీతా నే పత్ర్ లిఖా" అనుచోట వ్రాసినది స్త్రీయైనను క్రియ పుంలింగము. భూతకాలమున సకర్మక క్రియ కర్తను విడిచి కర్మను అనుసరించుటయే దీనికి కారణము. లానా, బోల్‌నా, భూల్‌నా అను క్రియలకు సామాన్యముగా "నే" రాదు. ఈ ఒక్క సూత్రమును పది వాక్యములతో చేతికి అలవాటు చేసినయెడల వ్రాతలోని తప్పులు చాలవరకు తగ్గును.

తెలుగు తోడునిచ్చుచోటనే త్రోవ తప్పించుటయు కలదు. ఒకే సంస్కృతపదము రెండుభాషలలో రెండర్థములు దాల్చినపుడు ప్రమాదము కలుగును. ఇంటివద్ద అవసరమున్నదని సెలవు కోరువాడు "ఘర్ మేఁ అవసర్ హై" అని వ్రాసినచో, ఇంటివద్ద మంచి అవకాశమున్నదని అర్థమగును. విచారణ నివేదికలో "అనుమాన్" అనగా అంచనాయే గాని సందేహము కాదు. తప్పుచేసినవానికి "శిక్షా దీ గయీ" అని వ్రాసినచో వానికి చదువు చెప్పించినట్లగును. దండన యనుటకు "దండ్" అనవలెను. "ఉద్యోగ్" పరిశ్రమ, "పరిశ్రమ్" కాయకష్టము, "ఆలోచనా" విమర్శ, "ఉపన్యాస్" నవల, "రాష్ట్ర్" దేశము. అభ్యంతరమునకు హిందీలో "ఆపత్తి" యందురు గనుక "అనాపత్తి ప్రమాణ్‌పత్ర్" చూచి ఆపద లేదని ధైర్యము చెప్పు పత్రమని తెలుగువాడు భ్రమపడవచ్చును. డివిజనల్ మేనేజరు గది ముందు "మండల్ రేల్ ప్రబంధక్" అను ఫలకమును చూచి, లోపల ప్రబంధకవి యెవరో కూర్చున్నారని తలచినను తప్పు పట్టరాదు. ఇట్టి పదముల పట్టికను ఇంటిల్లిపాదియు కూర్చుండి తయారు చేసినచో అది పాఠమును, వినోదమును అగును.

ఇక ఉచ్చారణము. "దాన్" అనగా దానము, "ధాన్" అనగా వరిధాన్యము. "బాత్" మాట, "భాత్" అన్నము. వరిపంటకు పేరొందిన ఈ సీమలో ధాన్‌ను దాన్ అనుట అంగడిలో చెల్లును గాని మౌఖిక పరీక్షలో చెల్లదు. "పడ్‌నా" పడుట, "పఢ్‌నా" చదువుట. ఒత్తులు తెలుగు లిపిలో నున్నవి. వాడుక నాలుకమీదనే సన్నగిల్లినవి. తెలుగు పద్యమును ఒత్తులు తప్పక చదువ నేర్చిన బాలునికి హిందీ మహాప్రాణములు కష్టము కావు. అట్లే "హై" అనుటకును, ముక్కుతో పలుకు "హైఁ" అనుటకును భేదము కలదు. పెద్దలనుగూర్చి చెప్పునపుడు రెండవది రావలెను. లేనిచో గౌరవము లోపించును. పదాంతమున అచ్చు చేర్చు తెలుగు అలవాటును గూడ అదుపున నుంచవలెను. "రామ్" అనవలసినచోట "రాము" అనరాదు.

బిలాస్‌పూరువారికి మరియొక ప్రత్యేకమైన చిక్కు కలదు. ఇచటి వీధిభాషలో ఛత్తీస్‌గఢీ పాలు హెచ్చు. హిందీలో "మేరా ఘర్", "మేరీ గాడీ" అని భేదము చూపుచోట ఛత్తీస్‌గఢీలో రెంటికిని "మోర్" చాలును. బహువచనమునకు "మన్" చేరును. "నే" నియమము దానికి లేదు. తెలుగువానికి హిందీలో ఏవి కష్టమో అవియే ఆ భాషలో లేకపోవుటచే, వీధిలో వాని మాట అడ్డులేక సాగిపోవును, పరీక్షలో ఆగిపోవును. ఇది ఆ భాష లోపము కాదు. హీరాలాల్ కావ్యోపాధ్యాయ 1885లోనే దానికి వ్యాకరణము రచించెను. 2007లో రాష్ట్రప్రభుత్వము దానికి రాజభాషా గౌరవమొసగెను. రెండును గౌరవింపదగినవే, రెంటిని కలగలుపుటయే తగదు.

ఈ సమస్య హిందీకి మాత్రమే పరిమితము కాదు. 1954 వరకు ఫ్రెంచివారి పాలనలోనున్న యానాంలో తెలుగు బాలురు బడిలో ఫ్రెంచి నేర్చిరి. నేడు కెనడా వలసకై తెలుగు యువకులు ఫ్రెంచి పరీక్షలకు కూర్చుండుచున్నారు. ఆ భాషలోను ప్రతి వస్తువునకు లింగము కలదు. పుస్తకము హిందీలో స్త్రీలింగము, ఫ్రెంచిలో పుంలింగము. డెల్ఫ్ అను ఫ్రెంచి పరీక్షలో వినుట, చదువుట, వ్రాయుట, మాటలాడుట అను నాలుగింటికి తలకు 25 మార్కులు. ఒక్కదానిలోనైనను 5 మార్కులు రానిచో మొత్తము పరీక్ష పోవును. నాలుగును కలిసి పెరుగవలెనను నీతి ఏ భాషకైనను ఒకటే.

ఆచరణమునకు పెద్ద ఏర్పాట్లు అక్కరలేదు. దినమునకు అరగంట చాలును. మొదటి పది నిమిషములు హిందీ వార్తాపత్రికను బిగ్గరగా చదువవలెను. తరువాతి పది నిమిషములు ఆ దినము ఆఫీసులో జరిగిన ఒక పనిని చిన్నచిన్న వాక్యములలో ఇంటివారికి చెప్పవలెను. చివరి పది నిమిషములు చెప్పినదానినే వ్రాయవలెను. నోట పలికినది అదే దినమున కాగితమునకు ఎక్కినపుడు, నోటికిని చేతికిని నడుమనున్న దూరము తగ్గును. తప్పులను వేరొక పుస్తకమున ఎత్తి వ్రాసికొని వారమున కొకమారు చూచుకొనవలెను. మౌఖిక పరీక్షలో సాధారణముగా ఎదురగు ప్రశ్నలు పేరు, ఊరు, ఉద్యోగము, కుటుంబము మొదలగువానిని గూర్చినవే. దీర్ఘవాక్యములకు పోక, క్రియను సరిగా ముగించిన చాలును. రైలుపట్టణమువారికి ఉచితముగా దొరకు గురువు ప్లాట్‌ఫారముమీది ప్రకటన. బండి "ఆ రహీ హై" అని అది చెప్పిన ప్రతిసారియు "గాడీ" స్త్రీలింగమని పాఠము చెప్పుచునేయున్నది. వినువాడు చెవియొగ్గవలెను.

హిందీలో ప్రావీణ్యము తెలుగువానికి అందని పండు కాదు. వల్లభాచార్యులు తెలుగు దంపతులకు 1479లో నేటి ఛత్తీస్‌గఢ్‌లోని చంపారణ్యమున జన్మించిరని సంప్రదాయము. సూరదాసు మొదలైన వ్రజభాషాకవులు ఆయన సంప్రదాయమునకు చెందినవారు. రీతికాలమున ప్రసిద్ధుడైన పద్మాకర్ తైలంగ కుటుంబమున పుట్టినవాడే. కృష్ణాజిల్లాలో జన్మించిన మోటూరి సత్యనారాయణగారు దక్షిణభారతమున హిందీ ప్రచారమునకు జీవితమును ధారపోసిరి. బాలశౌరిరెడ్డిగారు హిందీలో నవలలు వ్రాసి, హిందీ చందమామకు సంపాదకులైరి.

ఈ నగరమున పుట్టిన పిల్లలు తెలుగు మాటలాడుదురు గాని, చదువలేనివారు వారిలో కొందరు కలరు. హిందీకి అడ్డమనుకొని తెలుగును మాన్పించు తలిదండ్రులు తొందరపడుచున్నారు. ఒత్తులను, లింగములను, పదముల అర్థభేదములను గుర్తించుటకు ఆధారము ఆ తెలుగే. కనుక సంఘములో పిల్లలకు తెలుగు చదువును, పెద్దలకు హిందీ వ్రాతను ఒకే సాయంకాలమున, ప్రక్కప్రక్క గదులలో నేర్పుట ఉచితము. తండ్రి చిట్ఠీ వ్రాయుచుండగా కుమారుడు పద్యము చదువవలెను. అట్టి యింటి ఉద్యోగి రేపు ఏ కాగితము ముందుకు వచ్చినను, దానిని తానే చదివి, తప్పున్న తానే దిద్ది, ఆ పిమ్మట సంతకము చేయగలడు.