ఒక్కరు మిగిలినా సరిపోయే ఇల్లు
(సమాఖ్య వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మేము షోలాపూర్ వాళ్లం. మా తాతలు తెలంగాణ నుంచి నేత పని కోసం వలస వచ్చి అక్కడే స్థిరపడ్డారు. మా బతుకంతా సాంచాల చప్పుడులోనే గడిచింది. ఆ చప్పుడుకు మాలో ఒకరికి చెవులు మందగించాయి. నిలబడి నిలబడి ఇంకొకరికి మోకాళ్లు అరిగాయి. ఈ మాట ఎందుకు చెప్తున్నామో తర్వాత మీకే తెలుస్తుంది.

కొడుకు పుణేలో, బిడ్డ కోయంబత్తూరులో ఉన్నారు. ఇద్దరూ రమ్మనే అంటారు. కానీ వాళ్లవి రెండు గదుల ఇళ్లు, పొద్దున పోతే రాత్రికి వచ్చే ఉద్యోగాలు. అందుకని బిడ్డ ఇంటికి దగ్గరలో, పెద్దవాళ్ల కోసమే కట్టిన కాలనీలో ఇల్లు చూద్దామనుకున్నాం. కోయంబత్తూరు చుట్టుపక్కల ఇలాంటివి చాలానే ఉన్నాయి. వంటశాల, నర్సు, కాపలా, గుడి అన్నీ లోపలే ఉంటాయి.

పేటలో ఈ సంగతి తెలియగానే "కొడుకు వెళ్లగొట్టిండా?" అని అడిగినవాళ్లున్నారు. కొన్నాళ్లు ఆ మాటకు మేమూ తల దించుకున్నాం. ఇప్పుడు దించుకోవటం లేదు. దిక్కులేక వృద్ధాశ్రమంలో చేరటం వేరు, చేతిలో శక్తి ఉండగానే మన ఇల్లు మనం ఎంచుకోవటం వేరు.

మొదటిసారి పోయినప్పుడు మేం మోసపోయేవాళ్లమే. అక్కడి కుర్రాడు నమూనా ఇల్లు చూపించాడు. అద్దంలా మెరిసే నేల, పెద్ద హాలు, ఎదురుగా కొండలు. ఈరోజే అడ్వాన్సు ఇస్తే ధర తగ్గిస్తామన్నాడు. పేటలో ఇల్లు అమ్మేద్దామని ఇద్దరం అక్కడికక్కడే అనేసుకున్నాం. తిరుగు రైల్లో రాత్రి మాలో ఒకరికి నిద్ర పట్టలేదు. "మనలో ఒకరమే మిగిలితే ఆ ఇంట్లో ఎట్ల ఉంటాం?" అని అడిగారు. రెండోవారి దగ్గర జవాబు లేదు.

రెండోసారి ఆ ఒక్క ప్రశ్న పట్టుకునే పోయాం. అప్పుడు వేరే ఇల్లు కనబడింది. మెరిసే నేల తడిస్తే కాలు జారుతుంది. కొండలు కనిపించే ఇల్లు కాలనీ చివర ఉంది. అక్కడి నుంచి భోజనశాలకు మోకాళ్ల నొప్పితో నడిస్తే మధ్యలో రెండుసార్లు ఆగాల్సి వచ్చింది. వానలో గొడుగు పట్టుకుని ఆ దారిన ఒక్కరే రావాలంటే? సహాయం కోసం బెల్లు ఉంది, బాగానే ఉంది. కానీ చెవులు వినపడనివారికి బయట ఎవరు తలుపు కొట్టినా తెలియదు. అందుకే బెల్లు మోగితే వెలిగే దీపం కూడా పెడతారా అని అడిగాం. సాంచాల మీద పనిచేసిన ఇంటివారు ఇది తప్పక అడగాలి.

ఇల్లు చూసేముందు వీధి చూడండి. భోజనశాలకు మరీ ఆనుకుని ఉంటే తెల్లవారకముందే గిన్నెల చప్పుడు. మరీ దూరమైతే నాలుగు రోజులకే పోవటం మానేస్తాం. మధ్యలో ఉన్న వీధి మేలనిపించింది. ఆ వీధిలో సాయంత్రం అరుగు మీద ఎవరు కూర్చుంటారో చూడండి. మేం రెండు సాయంత్రాలు ఊరికే కూర్చున్నాం. కోయంబత్తూరులో తరతరాలుగా ఉన్న తెలుగు కుటుంబం వారొకరు పలకరించారు. వాళ్ల తెలుగులో తమిళం కలుస్తుంది, మన తెలుగులో మరాఠీ కలుస్తుంది. అయినా నొప్పి ఎక్కడో చెప్పుకోవటానికి ఆ భాష చాలు. రాత్రిపూట నర్సుకు మన మాట అర్థం కాకపోతే పక్కింటివారే దిక్కు.

కాగితాల సంగతి. ఇల్లు సొంతానికి ఇస్తారా, డిపాజిట్ మీద లీజుకిస్తారా అన్నది ముందు తేల్చుకోండి. నెలనెలా కట్టే ఖర్చు ఎంత, ఏటా ఎంత పెంచుతారు, ఒక్కరే మిగిలితే తగ్గుతుందా, మంచాన పడితే ఉంచుకుంటారా, పొమ్మంటారా? ఇవన్నీ నోటిమాటగా కాదు, ఒప్పందంలో చూపించమనండి. చాలా కాలనీల్లో ఫలానా వయసు దాటినవారే ఉండాలనే నియమం ఉంటుంది. ఇల్లు పిల్లలకు వారసత్వంగా వచ్చినా వాళ్లు అందులో ఉండలేకపోవచ్చు. అమ్మేటప్పుడు ఎంత కోస్తారో కూడా అడగండి.

కొత్తగా కడుతున్నదైతే రెరాలో నమోదైందో లేదో చూడండి. 2016 నాటి ఆ చట్టం ప్రకారం, ఒప్పందం రాసి రిజిస్టర్ చేయకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు. పెద్దవాళ్ల ఇళ్లు ఎలా ఉండాలో కేంద్ర ప్రభుత్వం 2019లో మార్గదర్శకాలు ఇచ్చింది. జారని నేల, పట్టుకునే కమ్మీలు, చక్రాల కుర్చీ పట్టే లిఫ్టు అడగటం మన గొంతెమ్మ కోరిక కాదు. 70 ఏళ్లు నిండినవారికి ఆయుష్మాన్ కార్డుంటే, దగ్గరి ఆస్పత్రి ఆ పథకంలో ఉందో లేదో కూడా చూసుకోండి.

ఇక పేటలో ఇల్లు. కొత్త ఇంటికి పోతున్నాం కదా అని పాతది పిల్లల పేర రాసేసి చేతులు దులుపుకోవద్దు. రాయాల్సి వస్తే, మమ్మల్ని చూసుకోవాలనే షరతు దస్తావేజులోనే రాయించండి. తల్లిదండ్రుల పోషణ కోసం 2007లో వచ్చిన చట్టంలో 23వ సెక్షన్ ఉంది. అలాంటి షరతు పెట్టి రాసిచ్చాక పిల్లలు చూసుకోకపోతే ట్రిబ్యునల్ ఆ బదిలీని రద్దు చేయవచ్చు. ఇది పిల్లల మీద అనుమానం కాదు. పడుగు ఎంత గట్టిదైనా అంచు నేస్తాం కదా, అలాంటిదే.

చివరికి మేం ఏం చేశామంటే, కొనలేదు. మధ్య వీధిలో ఒక పడకగది ఇల్లు మూడు నెలలకు అద్దెకు తీసుకున్నాం. అదీ వానల కాలంలో. పేటలో ఇల్లు అలాగే ఉంచి, కింది వాటా అద్దెకిచ్చాం. మూడు నెలల్లో మాలో ఒకరికి జ్వరం వచ్చి నాలుగు రోజులు మంచం మీదున్నారు. రెండోవారు ఒంటరిగా భోజనశాలకు పోయి వచ్చారు. పక్కింటివారు చారు పంపారు, బిడ్డ సాయంత్రాలు వచ్చింది. మా ప్రశ్నకు జవాబు ఆ నాలుగు రోజుల్లో దొరికింది. అదే ఇంటిని ఇప్పుడు లీజుకు తీసుకున్నాం. శ్రావణ పౌర్ణమికి మార్కండేయ రథం చూడటానికి మాత్రం పేటకే వస్తాం.

మనలో చాలామందికి ఇంత ఖర్చు పెట్టే స్థోమత లేదని మాకు తెలుసు. కింది వాటా అద్దె, బిడ్డ సాయం లేకపోతే మాకూ లేదు. కానీ ఈ కొలతలు మన పేటలోనూ పనికొస్తాయి. పైన ఉండే పెద్దవాళ్లను కింది వాటాలోకి దించండి. స్నానాల గదిలో ఒక కమ్మీ పెట్టించండి. పక్కింట్లో ఒక తాళంచెవి ఉంచండి. ఇల్లు వెతికే ముందు భార్యాభర్తలు ఎదురెదురుగా కూర్చుని ఆ ఒక్క ప్రశ్న అడుక్కోండి. అడగటానికి మాకు నోరు రాలేదు. అడిగాక మనసు తేలికైంది.